నోట పలకని కొండ

"పేరు చెప్పమ్మా, పేరు! నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా?" సపార్ బల్ల మీద అరచేత్తో ఒక్కటి కొట్టాడు. టీ గ్లాసు ఎగిరిపడింది.

అనార్‌కుల్ తల వంచుకుంది. బిష్కెక్‌లో సపార్‌ది మంచుకొండలకు వెళ్ళేవాళ్ళకు గదులు కుదిర్చిపెట్టే ఆఫీసు. ఫోనెత్తే పనిలో ఆమె చేరి వారమైనా కాలేదు. అప్పుడే ఓ కొత్త జంటను తప్పుడు కొండ ఎక్కించింది.

నిజానికి తప్పు ఆమెది కాదు, ఆ కొండది. కిర్గిజ్ దేశానికి ఈశాన్యాన, కరాకోల్ ఊరి పైన, సపార్‌కు మూడు చోట్ల గదులున్నాయి. తాష్-బులాక్, తెమిర్-బెల్, బోలొట్-తోర్. తాష్ అంటే రాయి, తెమిర్ అంటే ఇనుము, బోలొట్ అంటే ఉక్కు. ఆ మూడోది ఆమె మామగారి పేరు. మామగారి పేరూ మొగుడి పేరూ కోడలు నోటితో అనకూడదు, పీక మీద కత్తి పెట్టినా అనదు. అందుకని మొన్న "ఆ గట్టి పేరుది బాగుంటుంది" అంది. వాళ్ళు ఇనుమనుకుని తెమిర్-బెల్ వెళ్ళారు. అక్కడి వాలు గోడలా ఉంటుంది. పెళ్ళికొడుకు కాలు విరిగింది.

"ఇక నుంచి కొండ పేరు నువ్వన్నా అనాలి, అవతలివాళ్ళన్నా అనాలి. నా చెవులతో నేను వినాలి. లేదంటే అదిగో నీ కోటు, తొడుక్కుని ఇంటికి పో."

ఇంటికి పోవడం అనార్‌కుల్‌కు సుతరామూ ఇష్టం లేదు. పిల్లల నాన్న గొర్రెల బేరానికి ఎక్కడో దక్షిణాన ఉన్న ఓష్ వెళ్ళాడు. "నీకు ఉద్యోగమెవడిస్తాడే" అని ఎప్పుడూ వెక్కిరించే మనిషి. ఆయన తిరిగొచ్చేలోగా ఈ కుర్చీలో పాతుకుపోవాలని ఆమె పట్టుదల.

ఫోన్ మోగింది. సపార్ తనకూ వినబడేట్టు స్పీకర్ నొక్కి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"అక్కా, మీ పక్కనే, తోక్‌మోక్ నుంచి మాట్లాడుతున్నా. మంచు మీదకు వెళ్దామనుకుంటున్నాం. ఏ కొండ మంచిది?" లేత గొంతు, ఇరవై దాటి ఉండవు.

"ఎవరెవరమ్మా?"

"నేనూ, మా ఆయనా, ఒళ్ళో పసివాడూ. నేను స్కీలు కట్టుకున్న పాపాన పోలేదు."

"అయితే తాష్-బులాక్ వద్దు, రోప్‌వే ఆగిపోయింది. తెమిర్-బెల్ అసలే వద్దు, అక్కణ్ణుంచి తిన్నగా ఆసుపత్రికే." సపార్ కళ్ళురిమాడు. ఆమె గబగబా అందుకుంది. "ఇంకోటుంది. పిల్లలు కూడా జారొచ్చు. వేడినీళ్ళ స్నానాలూ ఉన్నాయి."

"ఆఁ, అదేనక్కా! నేనూ దాన్నే అనుకున్నా. అదే, ఆ గట్టిది."

అనార్‌కుల్ కుర్చీలో ముందుకు జరిగింది. "ఏ గట్టిది?"

"ఇనుము కాదు."

"రాయా?"

"రాయీ కాదు. ఇనుముకి అన్న."

"వదిన కూడా ఉందేమో అడుగు!" సపార్ జుట్టు పీక్కున్నాడు.

"ఒక్కసారి పేరు అను తల్లీ."

"మీరనండి, నేను ఊఁ కొడతాను."

"నేననలేనమ్మా."

"అయ్యో, ఎందుకని?"

"మా మామగారి పేరు."

అవతల పకపకా నవ్వు. "మా మామగారిదీ అదేనక్కా!"

కిర్గిజ్ గడ్డ మీద కళ్ళు మూసుకుని రాయి విసిరినా ఎవడో ఒక బోలొట్‌కు తగులుతుంది. అనార్‌కుల్‌కూ నవ్వాగలేదు. ముక్కూ మొహం తెలియని పిల్ల సొంత చెల్లెలిలా తోచింది.

"చెరి సగం అందామా? చివరిది నువ్వను."

"తోర్."

"ముందుది?"

"ముందుది మీ వంతు కదక్కా!"

"ఇద్దరు కోడళ్ళూ కలిసి నా దుంప తెంచారు!" సపార్ లేచి, మేకుకున్న ఆమె కోటు తీసి బల్ల మీద పడేశాడు.

అనార్‌కుల్ నవ్వు ఎగిరిపోయింది. ఎటూ పాలుపోలేదు. "చెల్లీ, నా ఉద్యోగం పోయేట్టుంది. ఇంట్లో మగవాళ్ళెవరూ లేరా?"

"మా ఆయన ఉన్నారుగా, స్నానం చేస్తున్నారు. ఉండండి, వచ్చేశారు. ఏమండీ, ఆ కొండ పేరేదో ఈ అక్కకు చెప్పండి. పాపం, ఉద్యోగం పోతుందట!"

పసివాడి ఏడుపు దగ్గరైంది. ఆ వెనకే ఆవలిస్తూ మగ గొంతు. "బోలొట్-తోర్. ఇద్దరు పెద్దవాళ్ళు, ఓ పిల్లాడు. శుక్రవారానికి."

"హమ్మయ్య!" సపార్ చేతులు పైకెత్తాడు. "గది ఎవరి పేరున రాయాలో అడిగెయ్, అయిపోతుంది."

అనార్‌కుల్ ఫోను వంక అయోమయంగా చూసింది. స్పీకర్‌లో ఏ గొంతైనా ఒకలాగే వినిపిస్తుందేమో. "ఇంకోసారి చెప్పండి," అంది, లోగొంతుకతో.

"బోలొట్-తోర్ అన్నానా? చెవుడా?"

"అడుగమ్మా, బేరం పోతుంది," సపార్ మోచేత్తో పొడిచాడు.

అనార్‌కుల్ లేచి నిలబడింది. పెళ్ళయిన నాటి నుంచి ఒక్కసారైనా పెదవి దాటని రెండు పేర్లూ, వీధిలోకి వినబడేట్టు, ఒక్క గుక్కలో అనేసింది.

"గది ఎవరి పేరున రాయమంటావు? బోలొట్ కొడుకు మెదెర్ పేరునేనా?"