మొండి బకాయి

“మీ పేరు లేదు తాతగారూ.”

రికార్డు గది గుమాస్తా బకాయిల పుస్తకం మూసింది. పెద్దాయన దరఖాస్తు మీద ‘తిరస్కరణ’ ముద్ర ఠపీమని కొట్టింది.

“ఉండదులేమ్మా. నా పన్ను నేను కట్టేశాగా” అన్నాడాయన.

“అదే మీరు చేసిన పాపం!”

ఇద్దరూ నవ్వుకున్నారు.

విడ్డూరం కాకపోతే మరేమిటి? పాత నగరం జలాశయం కింద మునిగి ముప్ఫై అయిదేళ్ళు. పన్ను కట్టినవాళ్ళ పుస్తకాలన్నీ నీళ్ళపాలయ్యాయి. కోర్టు కేసు కోసం ముందే బయటికి తెచ్చిన బకాయిల పుస్తకం ఒక్కటే బతికి బట్టకట్టింది. ఇప్పుడేమో ఆ నగరంలో ఉన్నట్టు రుజువుంటేనే కొత్త కాలనీలో ఇంటి పట్టా అంటున్నారు. ఎగ్గొట్టినవాడికి ఇల్లు, కట్టినవాడికి చిప్ప!

“మరి మీ సంగతేంటమ్మా?” అడిగాడు పెద్దాయన.

“అక్కడ మాది కాలవగట్టు గుడిసె. పన్నే లేదు, ఇక బకాయెక్కడిది? ఈ సాయంత్రంతో గడువు సరి. రేపు మా అమ్మని కాలనీలో ఉంటున్న ఇల్లు ఖాళీ చెయ్యమంటారు.”

“చివరి పేజీలు తిప్పి చూశావా తల్లీ?”

ఆమెకు చిర్రెత్తింది.

“మా అమ్మ ఒకరికి పైసా బాకీపడ్డ మనిషి కాదండీ. వెళ్ళిరండి, వెనక జనం ఉన్నారు.”

“కోప్పడకు. ఒక్కసారి చూడు, అంతే” అంటూ ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

భోజనాల వేళకు కౌంటరు ఖాళీ అయింది. చూస్తే పోయేదేముందిలే అనుకుని పుస్తకం వెనకనుంచి తిప్పింది.

అన్నీ తెల్ల కాగితాలే. అవి దాటాక ‘కాలవగట్టు’ అన్న శీర్షిక. కింద అరవై రెండు గుడిసెలు. పదిహేడో వరసలో అమ్మ పేరు.

‘పన్ను మూడు రూపాయలు. మొండి బకాయి.’

పరుగున వెళ్ళి పెద్ద గుమాస్తా ముందు పెట్టింది.

“ఇది చెల్లుతుందా సార్?”

“ముద్రుంది, సంతకముంది, ఎందుకు చెల్లదూ? అయినా గుడిసెలకి పన్నేమిటి? రాసిన బిల్లు కలెక్టరెవడో తిక్కలోడు. ఇదిగో చూడు, అడుగున రాశారు, వసూలు చెయ్యలేదని పదకొండేళ్ళు జీతం పెంచలేదట పాపం.”

ఆమె అమ్మకు ఫోన్ చేసింది.

“అమ్మా, మనం పన్ను బాకీ!”

“ఛీ! ఎవడే ఆ కూత కూసింది?”

వరస నంబరుతో సహా చదివి వినిపించింది.

“ఆగాగు... ఒకాయన వచ్చేవాడే. మూడు రూపాయలు చేతిలో పెట్టబోతే పుచ్చుకునేవాడు కాదు. ‘కట్టారంటే మీ పేరు కొట్టెయ్యాలమ్మా, మీరిక్కడ ఉన్నట్టు ఒక్క కాగితమైనా ఉండనివ్వండి’ అనేవాడు. పిచ్చోడనుకున్నామే తల్లీ!”

అమ్మ కాలనీ అంతా చాటింపు వేసినట్టుంది. నాలుగింటికల్లా ఆఫీసు ముందు పెద్ద క్యూ. అందరికంటే ముందు అమ్మ, కొంగు నడుముకు దోపి నిలబడింది.

“పేరు చెప్పండి” అంది కూతురు, నవ్వు బిగబట్టుకుని.

“రాసుకో. మొండి బకాయి, నంబరు పదిహేడు!” వీధి చివరిదాకా వినిపించేలా చెప్పింది అమ్మ.

“నాది ఇరవై!”

“మాది యాభై! మాకంటే మొండోళ్ళెవరు?”

జన్మలో ఎవరిముందూ గొంతెత్తని మనుషులు. ఇవాళ ఒక్కొక్కరూ తల ఎత్తుకుని కౌంటరు దగ్గరికొస్తుంటే ఆమె గుండె పొంగిపోయింది. ఆఖరి పట్టా మీద ముద్ర వేసేసరికి చెయ్యి లాగేస్తోంది. అయినా హాయిగానే ఉంది.

పొద్దున తను విసుక్కున్న పెద్దాయన అప్పుడు గుర్తుకొచ్చాడు. రేపు వెళ్ళి ఆయనకు దండం పెట్టి, తప్పయిందని చెప్పాలనుకుంది. ఎక్కడుంటాడో చూద్దామని తిరస్కరించిన కాగితాల్లోంచి ఆయన దరఖాస్తు వెతికి తీసింది. పొద్దున పేరు తప్ప ఇంకేమీ చదవలేదు.

చిరునామా గడి ఖాళీగా ఉంది.

దాని కింద, పాత నగరంలో చేసిన పని అన్నచోట, ‘బిల్లు కలెక్టరు, కాలవగట్టు’ అని రాసి ఉంది.