ఎడమచేతి మందు

"నీ నోటిమాట నమ్మి చేసుకున్నం సక్కుబాయీ! గిదేనా నువ్వు తెచ్చిన సంబంధం?"

నాగమణమ్మ పెట్టిన లొల్లి శాలిబండ గల్లీ అంతా వినబడింది. పెళ్లయి రెండు నెలలన్నా కాలేదు, కోడలు రాజమణికి రెండు చేతులా గజ్జి. పాలమ్ముకుని బతికే ఇల్లు. ఆ చేతులతో పితికిన పాలు ఎవరు పోయించుకుంటారు? పైగా గల్లీలో మరో ముగ్గురు ఆడవాళ్లు గోక్కోవడం మొదలుపెట్టారు. ఆ పాపమూ కొత్త కోడలి నెత్తినే పడింది.

"రేపే పుట్టింటికి తోలిస్త," అంది నాగమణమ్మ.

సక్కుబాయి తల వంచుకుంది. ఇల్లిల్లూ తిరిగి గాజులమ్మే మనిషి. ఈ సంబంధం కుదిర్చిందీ ఆమే, పెళ్లినాడు ఆ పిల్ల చేతులు వత్తి వత్తి గాజులు తొడిగిందీ ఆమే. మూలగదిలో వేరే చాప, వేరే కంచంతో కూర్చున్న రాజమణిని చూసి ఆమె ముందుకొచ్చింది.

"జర ఆగక్కా. నేను మందు పెడ్త. జిమ్మా నాది."

దవాఖానాకు పోయి రెండు మందులు తెచ్చింది. ఒకటి పాతకాలపు గంధకం మలాం. రెండోది పాలలా తెల్లగా ఉన్న కొత్త మందు, యుద్ధంలో సిపాయిలకు రాస్తున్నారట. ఏది పనిచేస్తుందో చూద్దామని కుడిచేతికి మలాం, ఎడమచేతికి తెల్లమందు రాసింది. అందరూ ఆమడ దూరం జరిగే ఆ చేతుల్ని ఒళ్లో పెట్టుకుని వేళ్ల సందుల్లోకీ పట్టించింది. మోచేతుల దాకా ఉన్న ఆమె గాజులు గలగలలాడుతుంటే, గుమ్మంలో నిలబడ్డ ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు.

"ఏది మండుతున్నది బిడ్డా? ఏది వాసనొస్తున్నది?" రోజూ అడిగేది.

"మలాం కంపు పెద్దమ్మా, వాకిట్ల దాంక కొడ్తున్నది. తెల్లది మండుతది గని వాసన లేదు."

ముందు ఎడమచేయి నున్నగా తేలింది. దాంతో కుడిచేతికీ తెల్లమందే పట్టించింది. రెండూ మానాక నాగమణమ్మ కోడల్ని పొయ్యి దగ్గరికి రానిచ్చింది. "పుట్టింటి గజ్జి" అని దెప్పడం మాత్రం మానలేదు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా సక్కుబాయి చేతుల గాజులు సర్దుకునేది.

"నా కాపురం నిలబెట్టినవ్ పెద్దమ్మా," అంటూ రాజమణి ఆమె కాళ్లకు దండం పెట్టింది.

సక్కుబాయికి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. గబుక్కున కాళ్లు వెనక్కి తీసుకుంది.

"సీసాల మిగిలింది నాకియ్యి బిడ్డా. ఎవరికన్న పనికొస్తది."

ఇంటికొచ్చి తలుపు గడియ పెట్టింది. పెనిమిటి ఉన్న ఆడది చేతులు బోసిగా పెట్టుకోకూడదని ఎన్నడూ తీయని గాజులను ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది.

పెళ్లినాడు రాజమణి చేతులు పట్టుకోకముందు నుంచే ఆ గాజుల కింద తాను దాచుకున్న గజ్జికి ఆ తెల్లమందు రాసుకుంది.