పడక పక్కన ప్లగ్ పాయింటు

“ఆగవయ్యా! ఆ ఛార్జరును ఏ లైనులో కలిపావు?”

మోటార్‌హోములో, ఆ చక్రాల ఇంటి నేల మీద మోకాళ్ళూని తీగలు బిగిస్తున్న ఎలక్ట్రీషియన్ తలెత్తాడు. “ఇన్వర్టర్ లైనులోనే సార్. ప్లగ్గులన్నీ అందులోనే ఉన్నాయి కదా అని...”

“బాగుంది వరస! ఇన్వర్టర్ బ్యాటరీని తాగి కరెంటిస్తుంది. ఆ కరెంటుతో ఛార్జరు మళ్ళీ అదే బ్యాటరీని నింపాలా? ఎవరి భుజాల మీద వాళ్ళే ఎక్కి ఊరేగినట్టుంది. దాన్ని బయటి కరెంటు లైనుకు మార్చు.”

విద్యుత్ శాఖలో పెద్ద ఇంజనీరుగా పదవీ విరమణ చేసిన ఆ పెద్దాయన కన్ను తీగల విషయంలో ఏనాడూ పొరబడలేదు.

“ఎవరయ్యా నీకు పని నేర్పింది?”

“మా నాన్నగారండీ.”

“ఇది చూస్తే ఆయన తల పట్టుకునేవాడు.”

“తిట్టేవారండీ, బాగానే.” ఎలక్ట్రీషియన్ తల దించుకుని నవ్వాడు.

“సరే, పడక పక్కన పాయింటు మాత్రం ఖాయంగా పనిచేయాలి. మావాడికి ల్యాప్‌టాప్ లేనిదే పూట గడవదు. కరెంటు లేదంటే ఆ సాకుతో మధ్యలోనే దిగిపోతాడు.”

“అబ్బాయిగారు వస్తున్నారా?”

“ఈ పూట వస్తాడు. రాగానే సముద్రానికి బయల్దేరతాం. చిన్నప్పుడు ఎన్నిసార్లు అడిగాడో! తీరా బయల్దేరేవేళకు ఎక్కడో ఒక ట్రాన్స్‌ఫార్మర్ పేలేది. నేను అటు పరుగెత్తేవాణ్ణి. ఈసారి ఏది పేలినా సరే, వాడితోనే వెళ్తాను.”

పెద్దాయన భార్య టీ తెచ్చి ఇద్దరికీ అందించింది. “సామాన్లు సర్దేశానండీ. వాన పట్టకముందే కదులుదామా?”

“తొందరేమిటోయ్? వాడు రావద్దూ?”

ఆమె ఖాళీ ట్రే పట్టుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది.

ఎలక్ట్రీషియన్ ఛార్జరు తీగ మార్చి, ఇన్వర్టర్ వేసి, పడక పక్కన పాయింటులో దీపం గుచ్చాడు. అది వెలిగింది. దానితోపాటు పెద్దాయన ముఖమూ వెలిగింది.

“పరవాలేదు, పనిమంతుడివే!”

“సార్, బండి నడపడం నాకు వచ్చు. ఇవాళ సముద్రానికి నేను తీసుకెళ్ళనా?”

పెద్దాయన అతని భుజం తట్టాడు. “మంచివాడివయ్యా. కానీ నా కొడుకు కోసం దాచుకున్న ప్రయాణం నీకెలా ఇచ్చేస్తాను, చెప్పు?”

ఆ మాట అని వెళ్ళి, ముందు సీట్లో గేటుకేసి చూస్తూ కూర్చున్నాడు. చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, జుట్టు సవరించుకున్నాడు.

ఎలక్ట్రీషియన్ ఇన్వర్టర్ ఆపి బండి దిగాడు. ఇంటి గుమ్మంలో పెద్దాయన భార్య సంచీ పట్టుకుని నిలబడి ఉంది.

“ప్రయాణం ఉన్నట్టా, లేనట్టా?” అని మెల్లగా అడిగింది.

“ఇవాళ కూడా నేను రాలేదమ్మా. నాన్న ఇంకా నాకోసం గేటుకేసే చూస్తున్నారు.”