గాలి ఎక్కువ

"సెన్సర్ అబద్ధం చెబుతోంది," అంది వదిన, చేతిలోని రెంచిని బల్లమీద పడేస్తూ.

"అదెందుకు చెబుతుంది వదినా? నువ్వు బిగించిన చోట ఎక్కడో గాలి దూరుతోంది," అంది ఆడపడుచు, ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండానే.

ఆడపడుచు అర్ధమొగుడంటారు. ఈ షెడ్డులో మాత్రం మిగతా సగం పెత్తనం కూడా తనదే అన్నట్టు మాట్లాడుతుందని వదిన బాధ. ఇంజన్ కట్టడం వదిన పని. దానికి గాలీ పెట్రోలూ పాళ్లు కుదర్చడం, తర్వాత ఆ బండిని నడపడం ఆడపడుచు పని. టర్బో తగిలించిన ఈ కొత్త ఇంజన్‌ని ఇద్దరూ కలిసే తయారుచేశారు. కలిసి అంటే, ఒకరి పనికి ఒకరు వంకలు పెట్టుకుంటూ. రేపే కొండదారి పందెం.

పొగగొట్టంలో అమర్చిన ఆక్సిజన్ సెన్సర్ పొద్దుటినుంచీ ఒకటే పాట పాడుతోంది: గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. అదే నిజమైతే కొండ సగం ఎక్కేసరికి పిస్టన్లు మైనంలా కరిగిపోతాయి. వదిన సెన్సర్ మార్చి చూసింది. కొత్తదీ పాతదాని మాటే చెప్పింది. ఆడపడుచు గొంతు సవరించుకుంది, అంతే. వదినకు ఒళ్లు మండడానికి అది చాలు.

అంతలో వాన అందుకుంది. జల్లు లోపలికి కొట్టి ల్యాప్‌టాప్ తడుస్తుంటే ఆడపడుచు లేచి షట్టర్ దించేసింది. పొగ గురించి బెంగ లేదు. కారు వెనక తగిలించిన పొడుగాటి పైపు దాన్ని గోడకన్నంలోంచి బయటికి పంపేస్తుంది.

ఇంజన్ మళ్లీ స్టార్ట్ చేసి కాస్త పెట్రోలు పెంచింది. గాలి ఎక్కువ అంది సెన్సర్. ఇంకాస్త పెంచింది. అదే మాట. మరికాస్త.

రేకులమీద వాన, రేకుల కింద ఇంజన్. ఉండగా ఉండగా ఏది ఏ చప్పుడో తెలియకుండా పోయింది. దీపం చుట్టూ పలచటి వలయం కట్టింది. గోడకు వేలాడే స్పానర్లు నీళ్ల అడుగున ఉన్నట్టు మెల్లగా ఊగుతున్నాయి. ఇందాకటినుంచీ కణతల దగ్గర ఏదో నొప్పి. వదినతో వాదించినప్పుడల్లా వచ్చేదేలే అనుకుంది ఆడపడుచు. ఇప్పుడు ఆ నొప్పి కూడా ఎవరిదో అన్నట్టు దూరంగా ఉంది.

వదిన వచ్చి పక్కనే పాత టైరుమీద కూర్చుంది. ఆమె అలా పక్కన కూర్చోవడం ఆడపడుచు ఎరగదు.

"ఒక మాట చెప్పనా? నవ్వకూడదు."

"చెప్పు వదినా."

"మీ ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు మీ అన్నకంటే ముందు నువ్వే నచ్చావు నాకు. గోళ్లలో గ్రీజు చూసి మొహం చిట్లించనిదానివి నువ్వొక్కదానివే. చెబితే నెత్తికెక్కుతావని ఇన్నాళ్లూ చెప్పలేదు."

ఆడపడుచుకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. తానూ చాలా చెప్పింది. మలుపుల దగ్గర బ్రేకు మీదికి కాలు పోబోయిన ప్రతిసారీ ఇది వదిన కట్టిన ఇంజన్ అనుకుని ధైర్యం తెచ్చుకుంటానంది. బయట వదినను ఎవరైనా ఒక్క మాటంటే ఊరుకోనంది. వదిన వింటూ వింటూ ఆమె భుజంమీద తల వాల్చేసింది. ఎప్పుడూ పాలిపోయి ఉండే ఆ చెంపలు గులాబీ రంగుకు తిరిగాయి. ఎంత బావుందో అనుకుంది ఆడపడుచు.

అలా చూస్తూండగా ఆమె కన్ను పొగ పోయే దారిలో ఇంజన్‌కీ టర్బోకీ మధ్య అతుకు మీద పడింది. అక్కడ సన్నగా, కాటుక దిద్దినట్టు, నల్లటి గీత. మసి.

పెట్రోలు తక్కువైతే మసి ఎందుకు పడుతుంది? ఈ ప్రశ్న ఎక్కడో వీధి చివర బయల్దేరి, తీరిగ్గా నడుచుకుంటూ ఆమె దాకా వచ్చింది. వెనకే జవాబూ వచ్చింది. అతుకు దగ్గర నెర్రె విచ్చింది. ఇంజన్ దడదడకీ దడదడకీ మధ్య అది బయటి గాలిని పీలుస్తోంది. సెన్సర్ కనిపెట్టింది ఆ గాలినే. అసలు ఇంజన్‌కి పెట్రోలు ఎప్పుడూ తక్కువ కాలేదు. తాను పోస్తూ వచ్చిందంతా సరిగ్గా కాలక విషవాయువై, అదే నెర్రెలోంచి, గోడకన్నం దాకా పోకుండా ఈ మూసిన షెడ్డులోకే వస్తోంది.

ఈ మత్తు దానిదే. వదిన చెంపల రంగూ దానిదే.

లేవాలనుకుంది. ఇంజన్ ఆపాలనుకుంది. కాళ్లు దూది మూటల్లా ఉన్నాయి. "వదినా" అని పిలిచాననుకుంది గాని, ఆ పిలుపు తన చెవినే పడలేదు.

షట్టర్ కిర్రుమని నడుమెత్తు లేచింది. తడిగాలి చల్లగా ముఖాన్ని తాకింది. గొడుగు పక్కకి వాల్చి, వంగి లోపలికి చూస్తున్నాడు అన్న. అతనికి ఇంజన్ల సంగతి తెలియదు. నడుస్తున్న ఇంజన్ జోలికి వెళ్తే ఇద్దరూ ఒక్కటై తిడతారని తెలుసు. మిగతా రోజుల్లో ఈ ఇద్దరి మధ్యా అడకత్తెరలో పోకచెక్క అతను.

"అన్నా" అనబోయింది చెల్లెలు. పెదవులు విచ్చుకున్నాయి, మాట రాలేదు. అతనికి అది నవ్వులా కనిపించింది.

ఆమె భుజంమీద పసిపిల్లలా నిద్రపోతున్న భార్యను చూశాడు. అతని కళ్లు చెమర్చాయి.

"ఇన్నాళ్లకి," అన్నాడు గుసగుసగా. "లేవకు తల్లీ. అలాగే ఉండండి."

వాన జల్లు వాళ్లమీద పడకుండా, కాస్తంత చప్పుడైనా చెయ్యకుండా, షట్టర్‌ని మళ్లీ నేలదాకా దించేశాడు.