ఐసు పెట్టె ఆయమ్మ

"ఏందీ? ముట్టు రక్తం కావాల్నా?"

రాహేలు అరుపుకు పెద్దారవీడులోని ఆ వీధి వీధంతా వాకిళ్లలోకి వచ్చేసింది.

ఎదురుగా ఒక కొత్త మనిషి. భుజాన చిన్న ఐసు పెట్టె, చేతిలో మూత ఉన్న కప్పు.

"కొంచెం చాలక్కా. మీ అమ్మాయి నొప్పికి కారణం దాంట్లో దొరకొచ్చు. పరిశోధన చేస్తున్నాం," అందామె.

లోపల చాప మీద కూతురు ఫెబీ పొట్ట పట్టుకుని మెలికలు తిరుగుతోంది. నెలనెలా ఇదే నరకం. ఒకరు గ్యాస్ అన్నారు, ఒకరు నటన అన్నారు. ఇంకొకరు అపెండిక్స్ అని కోసి కుట్టారు. పెళ్లయితే అదే పోతుందని రాహేలు సంబంధాలు వెతుకుతోంది.

"ముట్టుగుడ్డ పరాయి కంట పడితేనే కీడు. నీ చేతికియ్యాల్నా? చేతబడికే వచ్చినావు! యేసు రక్తమే జయం!" రాహేలు చీపురు అందుకుంది.

"ఆ పిల్ల నొప్పి చూడక్కా..."

"నీకు పిల్లలున్నారా?"

ఆమె లేరన్నట్టు తల ఊపింది.

"గొడ్రాలివి, నీకేం తెలుస్తది నా బిడ్డ నొప్పి? పో!"

ఆమె ఐసు పెట్టె సర్దుకుని ఆటో ఎక్కింది. కప్పు మాత్రం అరుగు మీదే ఉండిపోయింది. మర్నాడు కాలేజీకని మార్కాపురం వెళ్లిన ఫెబీ, దాంట్లో తన రక్తం పట్టి, మూత మీద పేరున్న ఆసుపత్రిలో ఆమె చేతికే ఇచ్చి వచ్చింది. తల్లికి చెబితే ఇంకేమన్నా ఉందా!

నెల తిరక్కుండానే ఆసుపత్రి నుంచి పిలుపు. మళ్లీ పరీక్షలు, స్కానింగు.

"అమ్మా, దొరికింది!" ఫెబీ కేక ఆవరణంతా వినిపించింది. "నా నొప్పికి పేరుందంట! ఎండోమెట్రియోసిస్! గర్భసంచి లోపలుండాల్సిన పొర బయట పెరుగుతా ఉందంట. మందుందంట! నేను నటించలేదమ్మా!"

రాహేలుకు కాళ్లు నేల మీద ఆనలేదు. బిడ్డను వాటేసుకుని ఏడ్చింది, నవ్వింది. కప్పు సంగతి విని నెత్తి మీద ఒకటి మొట్టి, మళ్లీ ముద్దు పెట్టుకుంది.

మర్నాడే నాటుకోడిని చంకలో పెట్టుకుని బస్సెక్కింది.

"ఐసు పెట్టె ఆయమ్మ యాడ? కాళ్లు పట్టుకోవాల," అంది నర్సు నాగమల్లేశ్వరితో.

"నిన్ననే వేరే జిల్లాకు వెళ్లిపోయినారు పెద్దమ్మా. ఈ పరిశోధనంతా ఆమెదే. ఆమే మా పెద్ద డాక్టరు."

"అంత డాక్టరమ్మ నా చేత తిట్లు తింటా ఇల్లిల్లూ తిరగడమేంది?"

నాగమల్లేశ్వరి ఆమెను బల్ల మీద కూర్చోబెట్టింది.

"ఈ పరీక్షకు మొట్టమొదట ఇచ్చిన రక్తం ఆమెదే పెద్దమ్మా, ఆ తర్వాత ఈ జబ్బుకే ఆమె గర్భసంచి తీసేసినారు."