తుడిచేసిన చుక్క

గోడ కూలి మీద పడిన తాపీమేస్త్రిని క్యాజువాలిటీకి తెచ్చారు. కటి ఎముక విరిగింది.

"ఒంటికి వస్తోందమ్మా, పోలేకపోతున్నాను," అని మూలుగుతున్నాడు.

డ్యూటీ డాక్టరమ్మ ఉద్యోగంలో చేరి మూడు వారాలు. పెద్ద డాక్టరు వచ్చేలోపు సెలైను, మూత్రం ట్యూబు, ఎక్స్‌రే అన్నీ అయిపోవాలి. లేకపోతే అందరి ముందూ చివాట్లు.

మేస్త్రి ప్యాంటు కత్తిరించి, మందులో ముంచిన దూదితో శుభ్రంగా తుడిచింది. ట్యూబు అందుకుంది.

"వద్దమ్మా," అన్నాడు స్ట్రెచరు తోసే ముసలాయన. "మూత్రం వచ్చే చోట రక్తం చుక్క కనిపించింది. లోపల గొట్టం చీలి ఉంటుంది. ముందు మందు ఎక్కించి ఫొటో తియ్యాలి."

"ఎక్కడుంది రక్తం?"

"ఇప్పుడే తుడిచేశారు కదమ్మా."

"గోడ మీద పడినవాడికి ఒళ్లంతా రక్తమే!"

ఆమెకు ఒళ్లు మండింది. ట్యూబు చేతికి తీసుకున్నప్పుడల్లా ఈయనది ఇదే వరస. నర్సులు ఆయనకు ప్రొఫెసరని పేరు కూడా పెట్టారు.

"ప్రొఫెసరు గారూ, తమరు బయటికి దయచేస్తే నా పని నేను చేసుకుంటాను."

నర్సులు కిసుక్కున నవ్వారు.

"పెద్ద డాక్టరుగారిని రానివ్వండమ్మా. పది నిమిషాలు. లేకపోతే వీడి బతుకంతా..."

"బయటికి నడవండి!"

ఆయన వెళ్లిపోయాడు.

ట్యూబు సగం దూరం వెళ్లి ఆగింది. ఆమె ఇంకాస్త తోసింది. మేస్త్రి పెట్టిన కేకకు వరండాలో కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డారు. ట్యూబులోకి మూత్రం రాలేదు, రక్తం వచ్చింది.



పెద్ద డాక్టరు వస్తూనే ట్యూబు తీయించి, పొత్తికడుపు మీద చిన్న కోత పెట్టి మూత్రానికి వేరే దారి చేశాడు.

"కాస్త చీలిన గొట్టం పూర్తిగా తెగింది," అన్నాడు. "ఇక ఏళ్ల తరబడి ఆపరేషన్లే. తోసేముందు ఎవరూ చెప్పలేదా?"

లేదని చెప్పేస్తే సరిపోయేది.

"చెప్పారు సార్. స్ట్రెచరు తోసే ఆయన. ఆయనకేం తెలుసులే అని నేనే వెళ్లగొట్టాను."

చివాట్ల కోసం తల వంచుకుంది. పెద్ద డాక్టరు తొడుగులు విప్పి, కుళాయి కింద చాలాసేపు చేతులు కడుక్కున్నాడు.

"నీ వయసులో నేనూ ఒక కుర్రాడికి ఇలాగే ట్యూబు తోశానమ్మా," అన్నాడు. "ముప్పై రెండేళ్లుగా బొడ్డు కింద గొట్టంతో ఇక్కడ స్ట్రెచరు తోస్తున్నది ఆ కుర్రాడే."