పేరు నీదే బావా

“మొహం మీదే తలుపేసిన మనిషి, ఇప్పుడు పంపులన్నీ ఊరికే ఇస్తానన్నాడా?” ఎలోయ్ నమ్మలేక ఫోన్‌ని రెండో చెవికి మార్చుకున్నాడు.

“ఇస్తాననడమేంటి బావా, నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు!” అన్నాడు అవతల బెనీ.

బెనీ అతని మేనత్త కొడుకు. ఆల్బుకర్కీలో పాత కార్లు అమ్ముతాడు. నడివేసవిలో దుప్పట్లు అంటగట్టగల నోరు వాడిది. ఎలోయ్ దానికి పూర్తిగా ఎదురు. కొండల మధ్య ఊళ్ళో స్కూలు బస్సు నడుపుతాడు. నలుగురిలో నోరు పెగలదు.

అతని ప్రాణమంతా ఇంటి వెనక షెడ్డులో ఉన్న పాత మాంటె కార్లో కారు మీదే. ఇంజను తనే విప్పి తనే బిగించాడు. తుప్పు పట్టిన చోటల్లా రేకు కోసి తనే అతికాడు. సెలవులన్నీ దానికే ధారపోశాడు. “ఆ బండికి కప్పినంత శ్రద్ధగా నాకెప్పుడైనా దుప్పటి కప్పావా?” అని భార్య ప్రిసిల్లా దెప్పుతూనే ఉంటుంది. ఇక మిగిలింది రంగు, సీట్లు, బండిని నేలకి దించి మళ్ళీ పైకి ఎగరేసే పంపులు. అవి బస్సు డ్రైవరు జీతానికి అందేవి కావు.

అందుకే వేసవిలో ఆల్బుకర్కీ వెళ్ళి స్పాన్సర్ల కోసం షాపు షాపూ తిరిగాడు. సెప్టెంబరులో జరిగే కార్ల షోలో బండి మీద మీ పేరు వేస్తాను, కాస్త చెయ్యందించండి అని అడిగాడు. పంపులమ్మే ఫిలిమోన్ మాట పూర్తికాకముందే తలుపేశాడు. సీట్లు కుట్టే కొర్డేలియా అయితే, “నీలాంటోళ్ళు రోజుకొకడొస్తాడయ్యా” అని పనివాళ్ళందరి ముందూ నవ్వింది. ఆ రోజు ఇంటికొచ్చి ముద్ద ముట్టలేదు ఎలోయ్.

అప్పుడు బెనీ రంగంలోకి దిగాడు. “నువ్వు ఊళ్ళోనే ఉండు. నేను చూసుకుంటా” అన్నాడు.

చూసుకున్నాడు కూడా. మొదట రంగులవాడు ఒప్పుకున్నాడు. తర్వాత కొర్డేలియా. ఇవాళ ఫిలిమోన్.

“ఏం మంత్రం వేశావురా వాళ్ళ మీద?”

“నీ కథే చెప్పా. కాస్త ఉప్పూ కారం జల్లానంతే. బండిని ట్రైలరెక్కించి పంపెయ్. నువ్వు మాత్రం ఇటు రాకు.”

“నా బండికి నేను రాకూడదా?”

“నువ్వొస్తే మొత్తం చెడుతుంది బావా. నన్ను నమ్ము.”

ఎలోయ్‌కి ఒక్కటే పట్టింపు. “బహుమతి రాకపోయినా ఫర్లేదురా. ఇది ఎలోయ్ చేసిన బండి అని జనం అనుకోవాలి. నా పేరుండాలి.”

“పేరు నీదే బావా! ఇంతింత అక్షరాల్లో. బొమ్మ కూడా వేయిస్తా. మంచి ఫొటో ఒకటి పంపు. పళ్ళికిలించింది వద్దు, కాస్త నిండుగా ఉండాలి.”

కూతురు చర్చిలో మొదటి దివ్యప్రసాదం తీసుకున్న రోజున తెల్లచొక్కాలో దిగిన ఫొటో పంపాడు ఎలోయ్. పంపేముందు దాన్ని రెండుసార్లు చూసుకుని మురిసిపోయాడు.

బండి వెళ్ళాక బెనీ ఫోన్ ఎత్తడం తగ్గించాడు. ఎత్తినా గాలిమాటలే. షాపులవాళ్ళు తమ పేర్లు వేయకపోయినా ఫర్లేదన్నారని ఓసారి చెప్పాడు. ఎలోయ్‌కి ఏదో తేడా కొట్టింది. పేరు కోసం కాకపోతే స్పాన్సర్లు దేనికిస్తారు?

షో ముందురోజు ఉండబట్టలేక కొర్డేలియాకి ఫోన్ చేశాడు.

“అమ్మా, నేను ఎలోయ్‌ని. ఆ మాంటె కార్లో నాదే. మీకు థాంక్స్ చెబుదామని...”

కొర్డేలియా గొంతు ఒక్కసారిగా లేచింది.

“ఇలాంటి వేళాకోళాలాడటానికి సిగ్గులేదూ? నిన్ను కన్నతల్లి ఎలా భరిస్తోందో!” ఫోన్ పెట్టేసింది.

ఎలోయ్ కుర్చీలో కూలబడ్డాడు. అంతా అర్థమైపోయింది. బండి ఇప్పుడు బెనీది. తను దారినపోయే దానయ్య.

“మా అత్త కొడుకే! నా కంచంలో తిని పెరిగినవాడే!” అన్నాడు. ఎవడో పరాయివాడు మోసం చేసుంటే ఇంత బాధ ఉండేది కాదు.

“ఇక్కడ కూర్చుని ఏడిస్తే ఏమొస్తుంది?” అంది ప్రిసిల్లా. “వెళ్ళి వాడి చొక్కా పట్టుకో!”

మర్నాడు షో హాల్లో తన బండిని చూసి ఒక్క క్షణం కోపమే మరిచిపోయాడు ఎలోయ్. నేరేడుపండు రంగులో నిగనిగలాడుతూ, నేలని ముద్దాడుతున్నట్టు నిలబడి ఉంది. పక్కనే నల్లకోటులో బెనీ. జనం వరసకట్టి వాడితో చెయ్యి కలుపుతున్నారు. ఫిలిమోన్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. కొర్డేలియా కళ్ళొత్తుకుంటూ, “అంతా నీ చలవే నాయనా” అని వాడి వీపు నిమిరింది.

ఎలోయ్ అద్దం మీద వెతికాడు. బానెట్ మీద వెతికాడు. తలుపుల మీద వెతికాడు. తన పేరు ఎక్కడా లేదు.

“ఒరేయ్ దొంగా!”

పుట్టి బుద్ధెరిగాక అతని నోట అంత పెద్ద కేక రాలేదు. హాలంతా ఇటు తిరిగింది. కొర్డేలియా చేతిలో రుమాలు జారిపడింది.

“ఇది నా బండి! నా పేరేదిరా? నా బొమ్మేదిరా?”

బెనీ మొహంలో నెత్తురు చుక్క లేదు. “నీ కాళ్ళు పట్టుకుంటా బావా, అరవకు. నేను మాట తప్పలేదు” అని గొణుగుతూ బండి వెనకవైపు చూపించాడు.

ఎలోయ్ విసవిసా అటు నడిచాడు.

డిక్కీ నిండా బంగారు అక్షరాల్లో తన పేరే ఉంది, దాని పైన తెల్లచొక్కాకి రెక్కలు తొడిగిన తన బొమ్మ, కింద తను పుట్టిన సంవత్సరం, ఒక చిన్న గీత, ఆ పక్కన ఈ సంవత్సరం.